అలకపాన్పు మీద సూర్యుడు

నీలాకాశమూ నీలిసముద్రమూ కలిసే గీత మీద తెల్లని చుక్క ఒకటి పుట్టింది. చూస్తుండగానే అది పెద్దదై, రెండు రెక్కలు విప్పింది. అది మేఘవాహి అనే మహాక్రౌంచం. దాని రెక్కల కింద పడిన నీడలో ఒక పల్లెకు పల్లే ఇమిడిపోతుంది. ఆ పక్షి మెడ మీద, మోకాళ్ళదాకా ఈకల్లో కూరుకుపోయి, మకరందపుర రాజకుమారుడు మణిదత్తుడు కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్లో ఒక వెదురుబుట్ట. దానికి అరటాకు కప్పి, నారతో కట్టి, కట్టు మీద అరచేయి ఆనించి ఉంచాడు. దక్షిణ సముద్రానికి ఆవల ఉన్న రత్నద్వీపం నుంచి ఆ బుట్టను అలాగే మోసుకొస్తున్నాడు.

వెనక నుంచి బుస వినిపించింది.

తిరిగి చూస్తే రెండు ధూమసర్పాలు! మాంత్రికుడు తమోనాథుడు పంపిన పాములవి. నిప్పు లేకుండా పుట్టిన పొగ, తాకినచోట నెత్తురు గడ్డకడుతుంది. ఒకటి మేఘవాహి తోకను అందుకుంది. తెల్లని ఈకలు నల్లబడి రాలిపోయాయి. పక్షి బాధతో కేక పెట్టింది.

"దిగు మేఘా, జలపాతంలోకి దిగు!" అని అరిచాడు మణిదత్తుడు.

పక్షి రెక్కలు ముడిచి రాయిలా జారింది. చిలకలకొండ మీది నుంచి దూకే జలపాతం వెండి తెరలా ఎదురైంది. మణిదత్తుడు బుట్ట మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, ఆ తెరను చీల్చుకుని అవతలికి వెళ్ళాడు. పాములు కూడా దూకాయి. నీరు తగిలిన పొగ ఏమవుతుంది? చుయ్యిమని రెండూ ఆరిపోయాయి. కొండ కింద నల్లని తడి మరకలు మాత్రం మిగిలాయి.

జలపాతం వెనక గుహలో పాఠశాల ఉంది. గుమ్మం పక్కన ఒక జత చెప్పులు ఉన్నాయి. పోయిన చలికాలం ఈ బడి గురువు శ్రుతధరుడు ఒక నిజం చెప్పడానికి రాజుగారి కోటకు వెళ్ళాడు. తమోనాథుడు ఆయన్ను చెరలో వేశాడు. కొన్నాళ్ళకు చెప్పులు మాత్రం తిరిగి వచ్చాయి. పిల్లలు ఇప్పటికీ వాటిని తొక్కకుండా పక్కనుంచి లోపలికి వస్తారు. మణిదత్తుడూ ఒకప్పుడు ఆ బడి పిల్లవాడే. నీళ్ళోడుతున్న బట్టలతో అలాగే పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

లోపల శ్రుతధరుడి భార్య కాంతిమతి పాఠం చెబుతోంది. భర్త పోయిన మర్నాడు కూడా ఆమె బడి తెరిచింది.

"తెచ్చాను గురువమ్మా!" అంటూ మణిదత్తుడు బుట్ట దించాడు. "మీరు చెప్పినట్టే ఉంది అక్కడ. ఇక్కడ మనం కంబళ్ళు కప్పుకుని వణుకుతుంటే, అక్కడివాళ్ళు తాటాకు విసనకర్రలు పట్టుకుని ఉస్సురంటున్నారు. నా వీపు చూడండి, ఎండకు తోలూడిపోయింది."

కాంతిమతి అతని వీపు చూసింది. "నూనె రాసుకో నాయనా," అంది. బుట్ట కట్టు విప్పలేదు. "ఇది సభలో విప్పాలి. ఇవాళ మధ్యాహ్నమే."

ఆ మధ్యాహ్నం మీదే బడిపిల్లలందరి ప్రాణాలూ ఆధారపడి ఉన్నాయి. మకరందపురంలో చలికాలాన్ని చలికాలం అనరు. అలకకాలం అంటారు. సూర్యుడు అలిగి దూరం వెళ్ళిపోయాడని, అందుకే చలి అని వాళ్ళ నమ్మకం. ఏడాదిలో పగలు బాగా కురచైన రోజున, పెళ్ళిలో అలిగిన అల్లుడికి వేసినట్టు, కొలువుకూటంలో సూర్యుడికి అలకపాన్పు వేస్తారు. సూర్యుడు ఏం కోరుతున్నాడో తమోనాథుడు చెబుతాడు. అడిగింది ఇస్తారు. మర్నాటి నుంచి పగలు పెరుగుతుంది. అది అతని మహిమే అనుకుంటారు. మొదట ఆవులు అడిగాడు. తర్వాత ధాన్యపు కొట్లు అడిగాడు. ఈసారి సూర్యుడు చిలకలకొండ బడిపిల్లలను అడిగాడట. వాళ్ళను తమోనాథుడి నల్లకోటలో మాటాపలుకూ లేని దీపస్తంభాలుగా నిలబెట్టాలట. సూర్యుడు అలగడు అని చెప్పే బడి ఆ రాజ్యంలో అదొక్కటే మరి.

"ఇంకొక్కసారి చేద్దాం. సంపెంగీ, కుండ ఎత్తుకో," అంది కాంతిమతి.

గొర్రెలకాపరి కూతురు సంపెంగి లేచింది. రెండు జడల్లోనూ బంతిపూలు పెట్టుకుంది. ఆమె నెత్తి మీద చిన్న పీట. పీట మీద ఒక ఇనుప ఊచ. ఊచ నిటారుగా లేదు, ఒక పక్కకు వాలి ఉంది. ఆ వాలు శ్రుతధరుడు పెట్టినది. ఊచకు గుచ్చిన గుండ్రటి కుండ వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. కుండ పైసగంలో కుంకుమబొట్టు, అది మకరందపురం. కింది సగంలో పసుపుబొట్టు, అది రత్నద్వీపం. గుహ మధ్యలో ఎత్తైన దిమ్మ మీద కుంపటి మండుతోంది. అది సూర్యుడు.

సంపెంగి కుంపటి చుట్టూ నడిచింది. ఆమె నడుస్తుంటే ఊచ మొన కుంపటి వైపే వంగి ఉంది. అటు వెళ్ళినా అంతే, ఇటు వచ్చినా అంతే.

చేతిలో నేతిగిన్నె పట్టుకున్న బుడ్డన్న పకపకా నవ్వాడు. "ఏడాది పొడుగునా ఎండాకాలమే! చలికాలం ఎగిరిపోయింది. నా కంబళి ఎవరికైనా కావాలా?"

"నోర్ముయ్యరా," అంది సంపెంగి. ఆమెకు ఏడుపు వచ్చేలా ఉంది. "గురువమ్మా, నిన్నా ఇలాగే అయింది. ఎక్కడ తప్పుతున్నానో తెలియడం లేదు."

కాంతిమతి ఆమె నడిచిన దారిలో తానూ ఒక చుట్టు నడిచి చూసింది. ఆగి, అడిగింది: "నీ మొహం ఎప్పుడూ నిప్పు వైపే ఉంటోంది. ఎందుకలా తిరుగుతున్నావు?"

"నిప్పుకు వీపు పెట్టకూడదు కదా గురువమ్మా! మా నాయనమ్మ చెప్పింది. అందరి నాయనమ్మలూ చెబుతారు."

అది నిజమే. మకరందపురంలో పుట్టినవాళ్ళెవరూ నిప్పుకు వీపు పెట్టరు. పొయ్యి దగ్గర నుంచి లేచినా వెనక్కి అడుగులు వేసుకుంటూ వస్తారు. వేరే దేశపు పిల్లయితే ఈ తప్పు చేసి ఉండేది కాదు.

"భూమికి నాయనమ్మ లేదమ్మా," అంది కాంతిమతి. "దానికి తెలిసింది ఒక్కటే. ఊచ మొన ఎప్పుడూ ధ్రువనక్షత్రం వైపే. సూర్యుడి చుట్టూ ఎక్కడ ఉన్నా సరే, మొన తిరగదు. సభలో ఉత్తరద్వారం మీద కంచుగంట ఉంటుంది. అదే నీ ధ్రువనక్షత్రం. మొహం గంట వైపు పెట్టి నడు. కాళ్ళు ఎటు పోయినా పోనీ."

"అలా నడిస్తే కుంపటికి అటుపక్కకు వెళ్ళాక నా వీపు నిప్పుకు వస్తుంది."

"వస్తుంది."

"సభలో అందరూ చూస్తారు."

"చూడాలనే వెళుతున్నాం."

ఇంకోసారి నడిచి చూసే వ్యవధి లేకపోయింది. కొండ కింద కోట నగారా మోగింది.

కొలువుకూటం ఆ రోజు కన్నుల పండువగా ఉంది. స్తంభం స్తంభానికీ పట్టుచీరలు చుట్టారు. నేలంతా ముత్యాల ముగ్గులు. నడిమధ్య చందనపు మంచం, దాని మీద హంసతూలికా తల్పం, తల్పం మీద జరీ దిండ్లు, దిండ్ల మీద పన్నీటి జల్లు. ఆ మంచం మీద ఎవరూ లేరు. పక్కనే నిలువెత్తు వేదిక మీద అగ్నికుండం భగభగ మండుతోంది. సింహాసనం మీద చిత్రభాను మహారాజు మూడు శాలువలు కప్పుకుని కూర్చున్నాడు. మంచం తలాపున, మోకాళ్ళదాకా జడలు కట్టిన జుట్టుతో, గబ్బిలం రెక్కల్లాంటి నల్లని అంగీతో తమోనాథుడు నిలబడ్డాడు.

కానుకలు మోసుకొచ్చే వాళ్ళ వరసలో బడిపిల్లలు లోపలికి వచ్చారు. కాంతిమతి తలమీదుగా కొంగు లాక్కుని పూలదండలు మోస్తోంది. చివరన తెల్లగడ్డం పెట్టుకున్న ముసలి కావిడివాడు దగ్గుకుంటూ నడుస్తున్నాడు. కావిట్లో వెదురుబుట్ట ఉంది. వాకిట్లోని భటుడు "తాతా, పక్కకు పో, పడిపోతావు," అన్నాడు. తమ యువరాజును తాతా అన్నానని ఆ భటుడికి తెలియదు.

తమోనాథుడు ఖాళీ మంచం వైపు చెవి పెట్టి విన్నట్టు నటించాడు. "మహారాజా, సూర్యభగవానుడు పలుకుతున్నాడు! 'ఇంకా దూరం పోతాను, మళ్ళీ రాను' అంటున్నాడు. అడిగిన పిల్లలు ఏరీ?"

"ఇక్కడే ఉన్నాం స్వామీ!"

వరసలో నుంచి సంపెంగి ముందుకు వచ్చింది. నెత్తి మీద కుండ ఉంది. "మేమే ఆ పిల్లలం. మహారాజా, మమ్మల్ని ఇచ్చేముందు ఒక్క పాఠం చెప్పనివ్వండి. తప్పు చెబితే మేమే నడుచుకుంటూ నల్లకోటకు పోతాం."

సభలో గుసగుసలు లేచాయి. మహారాజు శాలువలో నుంచి చెయ్యి తీసి, "చెప్పు తల్లీ," అన్నాడు. ఆయనకు ఆ పిల్లలను ఇవ్వాలని లేదు. ఎలా తప్పించాలో తెలియక రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

"ఆ వంకర కుండతోనా పాఠం?" అని తమోనాథుడు నవ్వాడు.

"వంకర కాదు స్వామీ, వాలు," అంది సంపెంగి. "మీరు చెప్పే అలకంతా ఈ వాలులోనే ఉంది."

ఆమె అగ్నికుండానికి దక్షిణాన నిలబడి, ఉత్తరద్వారం మీది గంట వైపు చూసింది. ఊచ మొన ఇప్పుడు నిప్పు వైపు వాలి ఉంది. బుడ్డన్న రెండు బొట్ల మీదా పేరుకున్న నెయ్యి ముద్దలుగా పెట్టాడు. సంపెంగి చేత్తో కుండను తిప్పుతూ నిలుచుంది. కుంకుమబొట్టు మీది నెయ్యి కరిగి ధారగా కారింది. పసుపుబొట్టు మీది ముద్ద అలాగే ఉంది.

"ఇది మన ఎండాకాలం," అంది సంపెంగి.

"ఓహో!" అని తమోనాథుడు చప్పట్లు కొట్టాడు. "నిప్పుకు దగ్గరైన ముద్ద కరిగింది. దూరమైనది కరగలేదు. నేను చెప్పేదీ అదే కదా! సూర్యుడు దగ్గరైతే ఎండ, దూరమైతే చలి. నా పాఠమే నాకు చెబుతావా పిల్లా?"

సభ అంతా తల ఊపింది. కాంతిమతి కొంగు కింద నుంచి చూస్తోంది. ఆమె పెదవి కదిలింది, కాని మాట రాలేదు. రానివ్వలేదు.

సంపెంగి ఊపిరి తీసుకుంది. "స్వామీ, మీ నల్లకోట ఇక్కడ నుంచి ఎంత దూరం?"

"నీకెందుకు?"

"మీరు ఇక్కడ నిలబడి అటువైపు మెడ సాచితే కోట దగ్గరవుతుందా? ఈ నిప్పు మూరెడు దూరంలో ఉంది కనుక ఈ వాలుకు దగ్గరా దూరమూ తెలుస్తున్నాయి. సూర్యుడున్న దూరానికి ఈ వాలు మెడ సాచినంత కూడా కాదు. తేడా దగ్గరతనంలో లేదు. ఎండ నిటారుగా పడుతుందా, ఏటవాలుగా పడుతుందా అన్నదానిలో ఉంది."

"ఏటవాలుగా పడితే ఏమవుతుందమ్మా? ఎండ ఎండే కదా," అన్నాడు మహారాజు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

బుడ్డన్న నేతిగిన్నె ఎత్తాడు. "నేను చెబుతాను మహారాజా! గరిటెడు నెయ్యి చిన్న రొట్టె మీద వేస్తే మందంగా ఉంటుంది, రుచిగా ఉంటుంది. అదే గరిటెడు మా అమ్మ పెద్ద రొట్టెకు పూస్తుంది. ఉందో లేదో కూడా తెలియదు. నిటారు ఎండ చిన్న రొట్టె. ఏటవాలు ఎండ పెద్ద రొట్టె. ఉన్న వేడే ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడిపోతుంది. పైగా ఈ కాలంలో పగలు కురచ. నెయ్యీ తక్కువే, వడ్డించే సేపూ తక్కువే!"

మహారాజు రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. సభ కూడా నవ్వింది. బుడ్డన్న ఆ నవ్వులోనే కుంకుమబొట్టు మీద కొత్త నెయ్యి ముద్ద పెట్టేశాడు.

సంపెంగి కదిలింది. ముందుకు కాదు, పక్కకు. ఎండ్రకాయలా అడ్డంగా అడుగులు వేస్తూ, చూపు గంట మీద నుంచి తిప్పకుండా, అగ్నికుండం చుట్టూ నడిచింది. "ఇదేం నడకరా!" అని ఎవరో కిసుక్కుమన్నారు. సగం చుట్టు అయ్యేసరికి ఆమె నిప్పుకు ఉత్తరాన ఉంది. ఆమె వీపు నిప్పు వైపు ఉంది.

నవ్వులు ఆగిపోయాయి. ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు.

"అగ్నికి వీపు పెట్టింది!" అని తమోనాథుడు గర్జించాడు. "తిరుగు! ఇటు తిరుగు! లేకపోతే ఉన్నచోటే బూడిదవుతావు!"

సంపెంగి వీపు వెనక నిప్పు చిటపటలాడింది. నిప్పు తననేమీ అనలేదు. వీపుకు వెచ్చగా మాత్రం ఉంది. ఆమె గంట వైపే చూస్తూ, తిరగకుండా, కుండను తిప్పుతూ నిలబడింది.

ఇప్పుడు ఊచ మొన నిప్పుకు దూరంగా వాలి ఉంది. కింది పసుపుబొట్టు మీది నెయ్యి కరిగి నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. పైన కుంకుమబొట్టు మీది ముద్ద చెక్కు చెదరలేదు.

"ఇది ఇవాళ్టి రోజు మహారాజా," అంది సంపెంగి. "కుండ అలగలేదు. నిప్పు అలగలేదు. వాలు మారలేదు. మనం ఇటుపక్కకు వచ్చాం, అంతే. మళ్ళీ అటు వెళతాం. ఎవరూ బతిమాలక్కరలేదు. మనకు చలి అయినప్పుడు కిందివాళ్ళకు ఎండాకాలం."

"అబద్ధం!" అన్నాడు తమోనాథుడు. "సూర్యుడు దూరం పోతే లోకమంతా చలే! కింద ఎండాకాలం ఉందని చూసొచ్చినవాడెవడు?"

"నేను!"

ముసలి కావిడివాడు నిటారుగా నిలబడి గడ్డం పీకేశాడు. యువరాజా! అని భటుడు నోరు వెళ్ళబెట్టాడు. మణిదత్తుడు బుట్ట మీది నార తెంచి అరటాకు లాగాడు. ముగ్గిన మామిడిపళ్ళ వాసన గుప్పున లేచి, పన్నీటిని మించి, కొలువుకూటమంతా నిండింది. చలికాలం నడుమ ఆ వాసన! సభలోని ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చారు.

కాంతిమతి కొంగు వెనక్కి తోసి ముందుకు వచ్చింది. ఆమె ఆ రోజు సభను ఉద్దేశించి మాట్లాడింది ఒక్కసారే. "మహారాజా, చీకటిగది గోడకు చిన్న చిల్లు పెట్టి, నా భర్త సూర్యబింబాన్ని ఎదుటి పలక మీద పట్టి ఏడాది పొడుగునా కొలిచారు. చలికాలంలోనే బింబం పిసరంత పెద్దది. అంటే ఇప్పుడే మనం సూర్యుడికి కాస్త దగ్గరగా ఉన్నాం. పోయిన ఏడు ఆయన చెప్పడానికి వచ్చింది ఈ మాటే."

మహారాజు శాలువలు ఒక్కొక్కటే తీసి సింహాసనం మీద పెట్టాడు. దిగివచ్చి ఒక మామిడిపండు అందుకుని కొరికాడు. రసం మోచేతిదాకా కారింది. తర్వాత అలకపాన్పు దగ్గరకు నడిచి, హంసతూలికా తల్పాన్ని తన చేతులతోనే చాపలా చుట్టేశాడు.

"సూర్యుడు మనింటి అల్లుడు కాడు," అన్నాడు. "ఈ మంచం తీసేయండి. ఈ మాంత్రికుణ్ణి బంధించండి."

సభ హోరెత్తింది. కాంతిమతి ఆ హోరు వినలేదు. నిప్పుకు వీపు పెట్టి ఇంకా గంట వైపే చూస్తూ నిలబడ్డ పిల్లను చూస్తోంది. చాలమ్మా, ఇక దించు, అనడం కూడా మరిచిపోయింది. అలా చూస్తూ ఉండాలనిపించింది.

ఆ ఒక్క క్షణం చాలింది తమోనాథుడికి. అంగీ విదిలించాడు. అది నిజంగానే గబ్బిలమైంది! ఏనుగంత గబ్బిలం అతన్ని వీపున ఎక్కించుకుని, స్తంభాలను ఒరుసుకుంటూ లేచి, కుండతో సహా సంపెంగిని కాళ్ళతో పట్టుకుని మీదికి విసిరింది. ఆమె మాంత్రికుడి వెనక గబ్బిలం వీపు మీద పడింది. అగ్నికుండం నుంచి నల్లని పొగ ఉప్పెనలా పొంగి నగరాన్ని కప్పేసింది.

మణిదత్తుడు ఈల వేశాడు. మేఘవాహి వాలింది. ఎక్కి కూర్చుని, ఎటు చూసినా పొగే కనిపించి, "ఎటు పోవాలి గురువమ్మా?" అని అరిచాడు.

"నాకు తెలియదు," అంది కాంతిమతి. "సంపెంగికి తెలుస్తుంది. అది ఏదో ఒక గుర్తు వదులుతుంది. నువ్వు పొగ పైకి వెళ్ళి కళ్ళు తెరుచుకుని ఉండు." ఆమె మొహంలో బెదురు లేదని కాదు. బెదురు కన్నా పైన ఇంకేదో ఉంది.

తనతోపాటు కదిలే పొగబంతి మధ్యలో గబ్బిలం గాలిని కోసుకుంటూ పోతోంది. కింద నేల కనబడదు, సముద్రం కనబడదు. పైన పొగలో నుంచి సూర్యుడు వెండిపళ్ళెంలా మసకగా ఉన్నాడు.

"అరుచుకో," అన్నాడు తమోనాథుడు వెనక్కి తిరగకుండా. "ఎటు పోతున్నామో మీ గురువమ్మకే కాదు, నీకూ తెలియదు."

సంపెంగి అరవలేదు. ఒళ్లో పెట్టుకున్న కుండను చూస్తోంది. కుండ మీద పడిన ఊచ నీడ బయలుదేరినప్పుడు పొడుగ్గా ఉంది. ఇప్పుడు కురచైంది. మధ్యాహ్నం దాటాక పొద్దు దిగాలి. ఇది ఎక్కుతోంది! దక్షిణాన వాలి ఉన్న సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. చూస్తుండగానే నడినెత్తి దాటి ఆమె వీపు వెనక్కి పోయాడు. మెడ మీద చెమట పట్టింది.

ఆమె జడలోని బంతిపువ్వు ఒకటి తీసింది. బంతి చలికాలపు పువ్వు. మామిడిపండ్లు ముగ్గే దేశపు సముద్రం మీద అది తేలుతుంటే ఎక్కడి నుంచి వచ్చిందో మణిదత్తుడికి వేరే చెప్పనక్కరలేదు. రేకులు తుంచి పొగలోకి వదిలింది. ఇంకో పువ్వు తీసింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అన్నాడు మాంత్రికుడు.

"ఏం లేదు స్వామీ," అంది సంపెంగి, కంబళి ముడి విప్పుకుంటూ. "దక్షిణానికి వచ్చేశాం కదా. ఎండాకాలంలో ఇది ఎందుకని."

తమోనాథుడు మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు.